పాత ఆటల కప్పులు: వెండి వెల ఎంత, చరిత్ర వెల ఎంత?

మూసలో వేసే ముందు చూడవలసిన గుర్తులు

సికింద్రాబాద్: వెండి ధర ఎగబాకినప్పుడు జనరల్ బజారు, పాట్ మార్కెట్ దుకాణాలకు పాత పట్టీలు, కంచాలు, చెంబులతో పాటు మరో రకం సరుకు రావడం సహజం. తాతలు ఆటల పోటీల్లో గెలిచిన కప్పులు, షీల్డులు, పతకాలు ఈ కోవలోవి. 2025లో కిలో వెండి లక్ష రూపాయలు దాటి ఇంకా పైకి పోవడంతో ఇటువంటి సరుకు ఇళ్ళలో నిలవటం కష్టమైంది. 1980 జనవరిలో అమెరికాలో హంట్ సోదరుల కొనుగోళ్ళతో ఔన్సు వెండి 50 డాలర్ల దరిదాపులకు పోయినప్పుడు ఆ దేశంలోనూ, బ్రిటన్‌లోనూ పాత వెండి సామాను పెద్దయెత్తున కరిగిపోయింది. మార్చి నెలాఖరుకే ధర కుప్పకూలింది. కరిగిన సామాను మాత్రం తిరిగి రాలేదు.

పాత కప్పుకు మూడు ధరలుంటాయి. ఒకటి లోహం ధర, రెండోది పనితనం ధర, మూడోది చరిత్ర ధర. మొదటిదాన్ని త్రాసు చెబుతుంది, రెండోదాన్ని కన్ను చెబుతుంది, మూడోదాన్ని కాగితం చెప్పాలి. అమ్మకందారు మాట ఈ మూడింటిలో ఏదీ కాదు. నష్టాలు ఎక్కువగా మూడో ధర దగ్గరే వస్తాయి. చరిత్ర లేని కప్పుకు చరిత్ర ధర పెట్టినవారు, చరిత్ర ఉన్న కప్పును తూకానికి అమ్మినవారు ఇద్దరూ నష్టపడినవారే.

ముందుగా లోహం

మెరిసే కప్పులన్నీ వెండివి కావు. బర్మింగ్‌హామ్‌కు చెందిన ఎల్కింగ్టన్ 1840లో విద్యుత్తుతో పూత వేసే పద్ధతికి పేటెంటు పొందిన తర్వాత జర్మన్ సిల్వర్ మీద వెండి పూత వేసిన కప్పులు విస్తారంగా వచ్చాయి. జర్మన్ సిల్వర్‌లో ఉండేది రాగి, నికెల్, తుత్తునాగం మాత్రమే. వీటి అడుగున ఈ.పి.ఎన్.ఎస్. అన్న అక్షరాలుంటాయి. కొందరు తయారీదార్లు ఆ అక్షరాలను చిన్నచిన్న గళ్ళలో విడివిడిగా కొట్టేవారు. తొందరలో చూసినవారికి అవి అసలు వెండి ముద్రల్లాగే కనిపిస్తాయి.

ఇంగ్లండులో పరీక్షించిన స్టెర్లింగ్ వెండికి నడుస్తున్న సింహం గుర్తు ప్రధానం. ఇందులో వెయ్యికి 925 పాళ్ళు వెండి. పక్కన ఊరి గుర్తు ఉంటుంది: లండన్‌కు చిరుతపులి తల, బర్మింగ్‌హామ్‌కు లంగరు, షెఫీల్డ్‌కు 1974 వరకు కిరీటం, 1975 నుంచి గులాబి. ఏ సంవత్సరంలో పరీక్షించారో తెలిపే అక్షరం కూడా ఉంటుంది. ఆ అక్షరం 1925 అని చెబుతుండగా కప్పు మీద 1911 పోటీ పేరు చెక్కి ఉంటే బేరం అక్కడే ఆపవలసి ఉంటుంది. కప్పు పాతది, చెక్కడం కొత్తది కావడం తరచు జరిగేదే. కప్పు కంటే ముందు సంవత్సరం చెక్కడానికి మాత్రం సరైన కారణం అరుదు.

మద్రాసు ఆర్ అండ్ సన్స్, కలకత్తా హామిల్టన్ వంటి ఇక్కడి కంపెనీల సరుకు మీద కంపెనీ ముద్ర ఉంటుంది. అది తయారీదారు గుర్తే కాని ఇంగ్లండు పద్ధతిలో స్వచ్ఛతకు పూచీ కాదు. స్వచ్ఛత విడిగా చూసుకోవాలి. గీటురాయి గాని, ఎక్స్‌రే యంత్రం గాని పైపొరనే చదువుతాయి కాబట్టి అరిగిన అంచు దగ్గర, పిడి కింద పరీక్షించడం మంచిది. మూసుకుపోయిన బోలు భాగం లేని కప్పును నీటిలో తూచి కూడా చూడవచ్చు. 600 గ్రాముల స్టెర్లింగ్ వెండి నీటిలో సుమారు 58 గ్రాములు తగ్గి తూగుతుంది. అదే బరువు జర్మన్ సిల్వర్ 69 గ్రాముల దాకా తగ్గుతుంది.

తూకంలోనూ మోసపోవడం సులభం. కప్పుకు అడుగున చెక్క పీఠం, లోపల లక్క, గచ్చు, ఇనుప బోల్టు ఉంటాయి. ఉదాహరణకు మొత్తం 900 గ్రాములు తూగిన కప్పులో ఇవి 300 గ్రాములైతే మిగిలేది 600. స్టెర్లింగ్ అయితే అందులో మేలిమి వెండి 555 గ్రాములు. లెక్క సులువు కోసం కిలో లక్ష రూపాయలనుకుంటే లోహం విలువ 55,500 రూపాయలు. పూత సరుకైతే దాదాపు ఏమీ లేదు.

చెక్కడం చెప్పే సాక్ష్యం

పాత చెక్కడంలో అక్షరాల అంచులు తుడిచి తుడిచి మెత్తబడి ఉంటాయి, గాట్ల లోపల నలుపు పట్టి ఉంటుంది. ఏళ్ళ తరబడి పడిన సన్నగీతలు అక్షరాల మీదుగా పోతాయి. కొత్తగా చెక్కితే అక్షరమే ఆ గీతలను కోసుకుంటూ పోతుంది. పాత పేరు అరగదీసి కొత్త పేరు వేసినచోట రేకు పలుచబడి వేలికి తెలుస్తుంది. అతుకు వేసి ఉంటే నోటితో ఆవిరి ఊదినప్పుడు దాని హద్దు గీతలా బయటపడుతుంది.

ఇంతకంటే పెద్ద సాక్షి ఊరి చరిత్ర. సికింద్రాబాద్ దండు ఊరు, రైల్వే ఊరు. ఇక్కడి కప్పుల మీద పల్టన్ల పేర్లు, రైల్వే పేర్లు ఎక్కువ. ఈ పేర్లు మారిన సంవత్సరాలు తెలిసినవారిని మోసగించడం కష్టం. 20వ దక్కన్ హార్స్, 29వ లాన్సర్స్ పల్టన్లు 1921లో కలిశాయి. ఆ తర్వాతనే 9వ రాయల్ దక్కన్ హార్స్ అన్న పేరు వచ్చింది. ఈ పేరుతో 1910 నాటి పోలో కప్పు ఉండటానికి వీల్లేదు. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే 1930లో ప్రభుత్వపరమై నిజాం స్టేట్ రైల్వే అయింది. దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది 1966 అక్టోబరు 2న. కాబట్టి ‘దక్షిణ మధ్య రైల్వే, 1958’ అని ఉన్న షీల్డు దానంతటదే తప్పు ఒప్పుకున్నట్లు. ఆంధ్రప్రదేశ్ పేరు 1956 నవంబరు 1కి ముందు నాటి పతకం మీద ఉన్నా ఇదే తీర్పు.

పేరు గొప్పదైతే జాగ్రత్త ఎక్కువ

చర్చిల్ యువకుడిగా ఉన్నప్పుడు అతని 4వ హుస్సార్స్ జట్టు 1896లో హైదరాబాద్‌లో గోల్కొండ కప్పు పోలో పోటీ గెలిచింది. ఇది నిజం. అయితే ఈ నిజం ఆ కాలపు ప్రతి పోలో కప్పుకూ అంటుకోదు. కథ నిజం కావడం వేరు, ఈ వస్తువు ఆ కథలోది కావడం వేరు.

ఫుట్‌బాల్ సరుకులోనూ అంతే. రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో భారత్ 2-1తో దక్షిణ కొరియాను ఓడించి స్వర్ణం సాధించింది. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఆ జట్టులో ఉన్నారు. కాగా 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌ది నాలుగో స్థానం. నాలుగో స్థానానికి గెలుపు పతకం లేదు. పాల్గొన్నవారందరికీ ఇచ్చిన జ్ఞాపక పతకం ఉంది. దానికి గిరాకీ లేకపోలేదు గాని, దానిని ‘ఒలింపిక్ మెడల్’ అని గెలుపు పతకం ధరకు అడిగితే ఇవ్వనక్కరలేదు.

బ్యాట్లు, కోట్ల విషయంలో వస్తువే సాక్ష్యం చెబుతుంది. 1932 జూన్‌లో లార్డ్స్‌లో సి.కె. నాయుడు నాయకత్వాన భారత్ తొలి టెస్టు ఆడింది. ఆ పర్యటన నాటి సంతకాలంటూ వచ్చిన బ్యాటు మీద బాల్‌పెన్ సిరా ఉంటే అది నకిలీ. బాల్‌పెన్ బజారుకు వచ్చిందే 1945లో. బ్యాటు మీద కర్మాగారంలో అచ్చువేసిన సంతకానికి చేతిరాత ధర పెట్టకూడదు. 1930ల నాటి బ్లేజరు దారం అతినీలలోహిత దీపం కింద తెల్లగా వెలిగితే అది రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి దారం, లేదా తర్వాతి సబ్బుపొడిలో ఉతికిన బట్ట.

కాగితం, హక్కు

చరిత్ర ధరకు ఆధారం చేతులు మారిన వరుస. పోటీ నాటి ఫోటో, పత్రిక కత్తిరింపు, క్లబ్బు ఉత్తరం, కుటుంబ ఫోటోలో అదే కప్పు అదే సొట్టతో కనిపించడం - ఇవి పనికివస్తాయి. నోటరీ అఫిడవిట్ ఒక మనిషి ప్రమాణం చేశాడని మాత్రమే చెబుతుంది. 2022 మేలో లండన్ సదబీస్ వేలంలో మారడోనా 1986 చొక్కా 71 లక్షల పౌండ్లకు పైగా పలికింది. అంతకు ముందు అతని కుటుంబం అది మొదటి సగంలో వేసుకున్నదని అభ్యంతరం చెప్పింది. నాటి ఫోటోలతో చిహ్నం, చారలు, అంకెల వివరాలను సరిపోల్చిన తర్వాతే ఆ ధర నిలబడింది.

శుభ్రం చేసే ఆత్రం కూడా మానాలి. 1947-48లో భారత్‌పై ఆడినప్పటి బ్రాడ్‌మన్ టోపీ 2024 డిసెంబరులో సిడ్నీ వేలంలో 3,90,000 ఆస్ట్రేలియా డాలర్ల పాటకు పోయింది. అది వెలిసిపోయి, పురుగు తిన్న టోపీయే. పాలిష్ చక్రానికి పెట్టిన కప్పుకు మెరుపు వస్తుంది, అక్షరాలు పోతాయి.

చివరిగా హక్కు. ఏటేటా చేతులు మారే రోలింగ్ ట్రోఫీ నిర్వాహక సంఘం సొత్తు. గెలిచినవారికి మిగిలేది నమూనా మాత్రమే. అసలు రోలింగ్ ట్రోఫీయే అమ్మకానికి వచ్చిందంటే సంఘం రాతపూర్వక అనుమతి చూపాలి. లేకుంటే దొంగసొత్తు కొన్నట్లయ్యే ప్రమాదం ఉంది. 1976 ఏప్రిల్ 5న అమలులోకి వచ్చిన 1972 నాటి పురావస్తువుల చట్టం కూడా గుర్తుంచుకోవాలి. కళాఖండంగానో, చారిత్రక వస్తువుగానో లెక్కకు వచ్చి నూరేళ్ళు నిండినదాన్ని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు ఎగుమతి చేయకూడదు, వాటి వ్యాపారానికి లైసెన్సు కావాలి. నూరేళ్ళ హద్దు ఏటా ముందుకు జరుగుతుంది. నిన్న మామూలుగా ఉన్న 1925 కప్పు 2025తో ఆ హద్దులోకి వచ్చింది.

మొత్తం మీద వర్తకులకు క్షేమమైన పద్ధతి ఇది: లోహం ధర కట్టి అంతవరకు ఇవ్వవచ్చు. పనితనానికి కంటికి నచ్చినంత కలపవచ్చు. చరిత్రకు కాగితం చూపితేనే పైసా కలపాలి. అయితే పేరు, సంవత్సరం, పోటీ చెక్కిన కప్పు ఏదైనా సరే, ఆ మూడింటినీ ఫోటో తీసి విచారించేదాకా కరిగింపుకు పంపకపోవడమే లాభం. కడ్డీ నుంచి కప్పు ఎప్పుడైనా చేయించవచ్చు. దాని మీది పేరును మాత్రం ఎవరూ తిరిగి గెలవలేరు.