చుక్కల కాగితము

ముగ్గు పెట్టువారు మొదట చుక్కలు పెట్టుకొని, తరువాత గీతలు కలుపుదురు. చుక్కల కాగితము చేయు సహాయము కూడ ఇట్టిదే. దీనిపై అడ్డముగను, నిలువుగను సమదూరములో, తరచుగా 5 మిల్లీమీటర్ల ఎడముతో, లేతరంగు చుక్కలు అచ్చువేయబడి యుండును. ఇవి చేతికి దారి చూపును. పని ముగిసిన పిదప కంటికి అడ్డురావు.

తెలుగు అక్షరమునకు పైన గుడి, క్రింద ఒత్తు వచ్చును. గీతల కాగితముపై ఒత్తు తరచుగా క్రింది గీతతో చిక్కుపడును. చుక్కల కాగితముపై రెండు వరుసల నడుమ అక్షరమును వ్రాసి, పై ఖాళీని గుడికి, క్రింది ఖాళీని ఒత్తుకు విడిచినచో వ్రాత ఒకే ఎత్తున నిలుచును.

చుక్కలను లెక్కించి వైశాల్యమును కూడ కనుగొనవచ్చును. ఈ సూత్రమును ఆస్ట్రియా గణితజ్ఞుడు గెయోర్గ్ పిక్ 1899లో ప్రకటించెను. మూలలన్నియు చుక్కలపై నుండునట్లు, గీతలు ఒకదాని నొకటి దాటకుండ, సరళరేఖలతో ఒక బొమ్మను గీయుడు. లోపలి చుక్కల సంఖ్యకు అంచుపై నున్న చుక్కలలో సగము కలిపి, 1 తీసివేయుడు. వచ్చినదే వైశాల్యము. ఇచట నాలుగు చుక్కల నడుమనున్న చిన్న చదరము ఒక ప్రమాణము. 4 ఎడముల పొడవు, 3 ఎడముల వెడల్పు గల దీర్ఘచతురస్రములో లోపల 6, అంచుపై 14 చుక్కలుండును. 6 + 7 − 1 = 12. పొడవును వెడల్పుతో గుణించినను 12 వచ్చును.

ఈ సూత్రము మరియొక వింతను బయటపెట్టును. ఈ కాగితముపై మూడు మూలలును చుక్కలపై నుండు సమబాహు త్రిభుజమును గీయుట అసాధ్యము. ఏలయన, పైథాగరస్ సిద్ధాంతము ననుసరించి దాని భుజముయొక్క వర్గము పూర్ణసంఖ్య. వైశాల్యము దానికి √3/4 రెట్లు. √3 కరణీయ సంఖ్య, అనగా భిన్నముగా వ్రాయరానిది. చుక్కల లెక్కలో వచ్చునది పూర్ణసంఖ్యయో, అరతో కూడినదో మాత్రమే. ఈ రెండును ఒకటి కాజాలవు.

అట్టి త్రిభుజమునకు సందు చుక్కలు కావలెను. ఒక వరుసలోని చుక్క ప్రక్క వరుస చుక్కల నడుమకు రావలెను. చుక్కల ఎడము 1 సెంటీమీటరైనచో వరుసల ఎడము సుమారు 0.87 సెంటీమీటరుండవలెను. ఇట్టి కాగితముపై ఘనము బొమ్మను గీసినచో పొడవు, వెడల్పు, ఎత్తు మూడును ఒకే కొలతలో వచ్చును. యంత్రభాగముల చిత్రణలో ఈ పద్ధతి ఉపయోగపడును.

విద్యార్థులు 7 చుక్కలు పెట్టి, ఇరువైపుల 4 వరకు సందు చుక్కలు పెట్టి చూడుడు. మొత్తము 37 చుక్కలు షడ్భుజిగా ఏర్పడును. నడిమి చుక్కనుండి, ఒకటి విడిచి ఒకటిగా, మూడు మూలలకు గీతలు గీసి, షడ్భుజి అంచును కూడ కలిపినచో ఘనము కనబడును.