ఉచితముగా నిచ్చువారి జమాఖర్చులు

ఇంటిలో వంట ఉచితము. వండిన యామెకు జీతము లేదు. తినువారు వెల యియ్యరు. అంతమాత్రమున వంటకు ఖర్చు లేదని యెవరైన ననగలరా? బియ్యము, పప్పు, నూనె, గ్యాసు వీని కన్నిటికిని సొమ్ము కావలెను. వానిని వేళకు తెప్పించుటకు, లెక్క వ్రాయుటకు, మిగిలినదానిని రేపటికి దాచుటకు నొకరి యాలోచన కావలెను. ఈ సంగతి గృహిణులకు వేరుగ జెప్ప నక్కరలేదు. కాని లోకమున కుపకారము చేయుచున్న కొన్ని సంస్థల విషయమున దీనిని చాలమంది మరచుచున్నారు. అట్టి సంస్థ నొకదానిని గూర్చియు, అది యొక సంవత్సరము పడిన కష్టమును గూర్చియు సోదరీమణులతో ముచ్చటింప దలచితిని.

కంప్యూటరు తనంత తా నేమియు చేయజాలదు. ఏ పని యెట్లు చేయవలెనో వరుసగా వ్రాసి దాని కియ్యవలెను. ఆ వ్రాతకే సాఫ్టువేరని పేరు. అంగడిలో కొన్న యావకాయ సీసా వంటిది సాధారణపు సాఫ్టువేరు. రుచి చూడవచ్చును గాని పాళ్లు తెలియవు. ఓపెన్ సోర్సు సాఫ్టువేరు అట్లు కాదు. దాని మూలపు వ్రాతను ఎవరైనను చదువవచ్చును, తమ కనువుగ మార్చుకొనవచ్చును, ఇతరులకు పంచవచ్చును. పాళ్లు వ్రాసిన కాగితముతో సహా పొరుగింటి కిచ్చిన యావకాయ యనుకొనుడు.

1997వ సంవత్సరము ఆగస్టు నెలలో మిగుయెల్ డి ఇకాజా, ఫెడెరికో మేనా యను మెక్సికో దేశపు యువకు లిరువురు గ్నోమ్ అను పని నారంభించిరి. కంప్యూటరు తెరమీద మనకు కానవచ్చు కిటికీలు, చిన్న బొమ్మలు, కాగితములు దాచుకొను అరలు, ఇవన్నియు నొక ప్రత్యేకమగు సాఫ్టువేరు వలన నేర్పడును. లినక్సు కంప్యూటర్లకు అట్టిదానిని పూర్తిగ స్వేచ్ఛ గలదానినిగ సమకూర్చవలె నని వారి తలంపు. అప్పటికే కేడీఈ అను మరియొకటి యుండెను గాని, అది యాధారపడిన యొక భాగమునకు ఆనాడు సంపూర్ణమైన స్వేచ్ఛ లేదు. ఈ యువకుల పిలుపు విని నానాదేశములవారు చేయి కలిపిరి. అందు కొందరు కంపెనీల జీతగాండ్రు, మిగిలినవారు తీరిక వేళలయందు పనిచేయు స్వచ్ఛంద సేవకులు. తెరమీది మాటలను తెలుగులో వ్రాసి యిచ్చిన మనవారును వీరిలో గలరు. 2011లో వీరి ఆసియా సమావేశము బెంగుళూరున జరిగెను.

మొదటి మూడేండ్లు సంఘ మనునది లేకయే పని సాగెను. కాని పని పెరిగినకొలది కొన్ని ప్రశ్నలు వచ్చును. ఎవరైన విరాళ మిచ్చినచో దానిని ఎవరి పేర బ్యాంకులో వేయవలెను? సమావేశమునకు హాలు అద్దెకు దీసికొన్నచో ఒప్పందముమీద సంతకము చేయువా రెవరు? గ్నోమ్ అను పేరు ఎవరి సొత్తు? ఒక్కని పేర ఇవన్నియు నున్నచో, వాడు విసిగి వెడలిపోయిననాడు పదిమంది కష్టము వానితోపాటే పోవును. అందుచేత 2000 సంవత్సరము ఆగస్టులో గ్నోమ్ ఫౌండేషను అను సంస్థను స్థాపించిరి. అది అమెరికా చట్టము ననుసరించి ధర్మసంస్థగా నేర్పడినది.

దాని కట్టుబాట్లు తెలిసికొనదగినవి. చందా కట్టినంతమాత్రమున ఎవరును సభ్యులు కాజాలరు. ఏదైన పని చేసి చూపిన వారికే సభ్యత్వము. ఆ పని కంప్యూటరు వ్రాతయే కానక్కరలేదు. భాషాంతరీకరణము చేసినవారు, వాడువారికి తెలియునట్లు పుస్తకము వ్రాసినవారు, బొమ్మలు గీసినవారు, సమావేశములకు ఏర్పాట్లు చేసినవారు, అందరును అర్హులే. ఈ సభ్యులు తమలోనుండి కార్యవర్గము నెన్నుకొందురు. కార్యవర్గమువారికి జీతము లేదు. జీతము గల యుద్యోగులు కొలదిమందియే. ఏ యొక్క కంపెనీకి జెందినవారైనను కార్యవర్గములో నూటికి 40కి మించి యుండరాదని నియమము. పెద్ద కంపెనీలు ఏటేట రుసుము చెల్లించి సలహాసంఘములో కూర్చుండవచ్చును. వారు సలహా చెప్పవచ్చును గాని తీర్మానములలో వారికి వోటు లేదు. పెద్ద చందా యిచ్చిన యింటివారికే అధ్యక్షపీఠము వేయు నలవాటు గల మన స్త్రీసమాజములకు ఈ నియమము ఆలోచింపదగినది.

ఇంకొక విశేషము. ఏ వ్రాత వ్రాయవలెను, ఏది మానవలెను అను సాంకేతిక విషయములలో ఈ కార్యవర్గము ఆజ్ఞలు చేయదు. అది పనిచేయువారే తేల్చుకొందురు. జీతము లేనివారిని అడుగవచ్చును గాని ఆజ్ఞాపింప రాదు గదా! డబ్బు కూర్చుట, లెక్కలు చూచుట, పేరును కాపాడుట, పనివారు కలిసికొనుటకు చోటు కల్పించుట, ఇవియే సంస్థ పనులు. ఇల్లాలి పనులవలెనే ఇవి జరుగుచున్నంతకాలము ఎవరి కంటను బడవు. ఆగిననాడే యందరకు తెలియును.

ఇక స్త్రీల విషయమునకు వత్తము. వేసవి సెలవులలో ఓపెన్ సోర్సు పని నేర్చుకొను విద్యార్థులకు గూగుల్ కంపెనీవారు భృతి యిచ్చు నేర్పాటు చేసిరి. 2006లో గ్నోమ్ వారికి దీనిక్రింద 181 దరఖాస్తులు వచ్చెను. అందు స్త్రీ ఒక్కతెయు లేదు. గ్నోమ్ వారు సిగ్గుపడి యూరకుండలేదు. ఆ వేసవిలోనే స్త్రీలకు ప్రత్యేకమగు ఏర్పాటు చేసి ఆరుగురు విద్యార్థినులకు పని నేర్పిరి. 2010లో మరీనా జురాఖిన్స్కయా యను నామె పూనికతో ఇది మరల ప్రారంభమై ఏటేట సాగజొచ్చెను. నేర్చుకొను స్త్రీకి భృతి యిత్తురు. నేర్పుటకు అనుభవము గల యొక గురువును జూపుదురు. పని యంతయు ఇంటర్నెట్టు మూలమున జరుగును గనుక ఇల్లు విడిచి పోనక్కరలేదు.

2011 మొదలు 2014 వరకు ఈ సంస్థకు కార్యనిర్వాహకురాలుగ నుండినది కేరెన్ శాండ్లరు అను న్యాయవాది. ఈమె ఓపెన్ సోర్సు పక్షమున నిలుచుటకు తన దేహమే కారణము. ఆమెకు గుండెజబ్బు గలదు. గుండె హఠాత్తుగ ఆగిపోవు నపాయ మున్నదని వైద్యులు చెప్పగా, అట్టి సమయమున విద్యుత్తుతో దానిని మరల నడిపించు చిన్న యంత్రమును శరీరములో నమర్చుకొనెను. ఆ యంత్రమును నడుపునదియు సాఫ్టువేరే. దాని వ్రాతను చూపుడని తయారుచేయువారిని అడుగగా వారు చూపరైరి. తరువాత నామె గర్భవతిగ నున్నపుడు గుండె వేగముగ గొట్టుకొనెను. గర్భిణులకు ఇది సామాన్యమే. యంత్రము మాత్రము దానిని ప్రమాదముగ భ్రమించి యామెకు అనవసరముగ విద్యుద్ఘాతము నిచ్చెను. తన గుండెలో నున్నదేమో తనకు తెలియరాదను మాట ఏ స్త్రీకైన బాధ కలిగింపదా?

స్త్రీల శిక్షణ పని వేగముగ పెరిగెను. లినక్సు మొదలగు ఇతర సంస్థలును ఇందులో చేరెను. ప్రతి సంస్థయు తన విద్యార్థినుల భృతికి కావలసిన సొమ్మును తాను తెచ్చి యియ్యవలెను. కాని ఆ సొమ్మంతయు గ్నోమ్ ఫౌండేషను చేతిమీదుగనే నడిచెను. ఇచ్చట చిక్కు పుట్టినది. విద్యార్థినికి భృతి వేళకు అందవలెను. ఆమె దానినే నమ్ముకొని పనిచేయుచున్నది. చందా యిచ్చెద మన్న సంస్థలనుండి రావలసిన సొమ్ము మాత్రము ఆలస్యముగ వచ్చుచుండెను. ఆ యంతరమును గ్నోమ్ వారు తమ నిలువధనముతో పూడ్చుచు వచ్చిరి. పదిమందికి భృతి యిచ్చునపుడు సరిపోయిన లెక్కల పద్ధతి, దానికి కొన్ని రెట్లు మంది వచ్చినపుడు చాలకపోయెను. బిల్లులు వ్రాయుట, వానిని వెంటాడి వసూలు చేయుట వెనుకబడెను. 2014 ఏప్రిల్ నెలలో పెట్టె తెరచి చూడగా, రావలసినది చాలగలదు, చేతిలో నున్నది మాత్రము లేదు.

అపుడు కార్యవర్గమువారు చేసినదేమి? దాచిపెట్టలేదు. తమ నిలువధనము హరించినదనియు, అత్యవసరములు గాని ఖర్చుల నన్నిటిని నిలిపివేసితి మనియు బహిరంగముగ ప్రకటించి, కారణములను ప్రశ్నోత్తర రూపమున వ్రాసిరి. ఈ ప్రకటన చూచి కొందరు ఆడవారి శిక్షణ వలననే సంస్థ చెడిన దని నిందించిరి. ఇది న్యాయము కాదు. ఆ సొమ్ము దుబారా కాలేదు, ఇతరులు బాకీపడినది. లోపము దానములో లేదు, దాని లెక్కలో నున్నది. ఇంటికి వచ్చిన చుట్టము వలన గాదు, పచారీకొట్టు పుస్తకము చూచుకొనకపోవుట వలననే నెలాఖరున చిక్కు వచ్చునని మన మెరుగుదుము. బాకీలు వసూలు చేసి, పద్ధతులు దిద్దుకొని, వారు క్రమముగ తేరుకొనిరి.

ఆ నెలలోనే మరియొక సంగతి బయలుపడినది. బ్యాంకులు, అంగళ్లు మొదలగునవి ఇంటర్నెట్టులో రహస్యముగ మాటలాడుటకు ఓపెన్ ఎస్సెస్సెల్ అను ఉచిత సాఫ్టువేరును తాళమువలె వాడుచున్నవి. ఆ తాళములో హార్ట్‌బ్లీడ్ అను గొప్పలోప మున్నదని ఏప్రిల్ 7వ తేదీన ప్రకటితమయ్యెను. లోకమంతయు తల్లడిల్లినది. విచారింపగా, లోకమంతయు వాడుచున్న యా తాళమునకు సాలీనా వచ్చు విరాళములు సుమారు 2,000 డాలర్లనియు, పూర్తికాలము దానిని కనిపెట్టియుండువాడు ఒక్కడే యనియు తెలిసెను. అంతట పెద్ద కంపెనీలు కలిసి లినక్సు ఫౌండేషను ద్వారా నిధి నేర్పరచిరి. ఒకచోట లెక్క వెనుకబడినది. ఇంకొకచోట ఇచ్చువారు వెనుకబడిరి. రెంటికిని మూల మొక్కటే: ఉచితముగ వచ్చునది ఊరక నడచునను భ్రమ.

ఆ సంవత్సరము నవంబరులో గ్నోమ్ వారికి మరల నొక పరీక్ష వచ్చెను. గ్రూపన్ అను గొప్ప వ్యాపార సంస్థ, అంగళ్లవారికి తాను తయారుచేసిన ట్యాబ్లెటుకు గ్నోమ్ అను పేరే పెట్టి, ఆ పేరును ట్రేడుమార్కుగ పొందుటకు 28 దరఖాస్తులు పెట్టెను. పదునేడేండ్లుగ వేలమంది కష్టపడి తెచ్చిన పేరది. వకీళ్ల ఖర్చులకు 80,000 డాలర్లు కావలెనని నవంబరు 11వ తేదీన ఫౌండేషనువారు లోకమును యాచించిరి. దూరదేశములనుండి చిన్నచిన్న మొత్తములుగ విరాళములు వచ్చిపడెను. పత్రికలలో గగ్గోలు పుట్టెను. ఆ దినమే గ్రూపన్ వారు తమ దరఖాస్తులను వెనుకకు దీసికొని వేరుపేరు చూచుకొందుమని తెలిపిరి. ఏప్రిల్‌లో పెట్టె ఖాళీ యని దాచక చెప్పినవారే నవంబరులో చేయిచాచిరి. నిజము చెప్పువారని తెలిసియుండుటచేతనే జను లిచ్చి రని నేను తలంచుచున్నాను.

స్త్రీల శిక్షణ పని 2015లో అవుట్రీచి యను క్రొత్తపేరుతో సాఫ్టువేర్ ఫ్రీడమ్ కన్సర్వెన్సీ యను మరియొక ధర్మసంస్థకు మారెను. అచ్చటి కార్యనిర్వాహకురాలును శాండ్లరే. ఇట్టి అవకాశములు తక్కువగా గల ఇతరులకు గూడ ఇపుడు ప్రవేశము గలదు. 2023 నాటికి ఇందు నేర్చినవారు వేయిమందికి చేరిరి. దీనికి ప్రాణము పోసిన మరీనా 2022లో వ్యాధిచే స్వర్గస్థురాలయ్యెను. 2014 నాటి నిందలకు వెరచి ఆనాడే మానియుండినచో ఈ వేయిమందిలో నెందరు మిగిలియుందురు?

సోదరీమణులారా! మీ యూరి సమాజమునకో, గ్రంథాలయమునకో మీలో ననేకులు కార్యదర్శినులుగ నున్నారు. ఇచ్చెద మన్నది వేరు, ఇచ్చినది వేరు అను రెండు పద్దులను విడివిడిగ వ్రాయుడు. మంచిపని పెరిగినపుడు లెక్క చూచువారిని గూడ పెంచుడు. కష్టము వచ్చిననాడు సభ్యులకు దాచక చెప్పుడు. జీతము లేక పనిచేయువారికి విశ్రాంతియు, వారి తరువాత పని నెత్తుకొనుటకు మరియొకరిని సిద్ధము చేయుడు. మీ యింట కంప్యూటరు నేర్చిన కుమార్తె యున్నచో ఈ శిక్షణ సంగతి యామెకు తెలుపుడు. మీకు తెలుగు బాగుగ వచ్చునేని, తెరమీది మాటలను మన భాషలో చక్కదిద్దు పని మీకొరకే వేచియున్నది. దానికి జీతము లేదు; కాని ఆ పని చేసినవారికి ఆ సంస్థలో సభ్యత్వమును, వోటును గలవు.