కణితి అంచును చూపే వెలుగురేణువు

చొప్పదండి నుంచి ఓ తల్లి రొమ్ములో గడ్డతో కరీంనగర్ వెళ్లి, అక్కడి నుంచి పట్నం దవాఖానకు చేరుతుంది. సర్జన్ గడ్డతో పాటు చుట్టూ కొంత మంచి కణజాలాన్నీ కలిపి కోసి తీస్తారు. ఆ ముక్క పరీక్షకు పోతుంది. అంచుల్లో క్యాన్సర్ కణాలు మిగిలాయని రిపోర్టు వస్తే రెండోసారి ఆపరేషన్ థియేటర్‌కు పోవాల్సి రావచ్చు. ఇందులో సర్జన్ నైపుణ్యానికి లోటేమీ లేదు. గడ్డ ఎక్కడ ఆగిందో, మంచి కండ ఎక్కడ మొదలైందో కంటికీ చేతికీ అందని చోట్లుంటాయి. ఆ అంచును వెలిగించి చూపాలన్న పట్టుదలే, కాంతి పడితే తనూ వెలిగే ఫ్లోరోసెంట్ నానోరేణువును ప్రయోగశాల నుంచి దవాఖాన వైపు నడిపిస్తోంది.

దాని పుట్టుకకు క్యాన్సర్‌తో సంబంధం లేదు. 1981లో సోవియట్ శాస్త్రవేత్త అలెక్సీ ఎకిమోవ్ రంగు గాజులోని కాపర్ క్లోరైడ్ స్ఫటికాలను పరిశీలిస్తూ, స్ఫటికం పరిమాణం మారితే అది పీల్చుకునే కాంతి కూడా మారుతోందని చూపారు. 1983లో అమెరికాలో లూయీ బ్రూస్ ద్రవంలో తేలే రేణువుల్లో అదే గుణం కనిపెట్టారు. 1993లో మౌంగీ బవెండీ బృందం వాటిని ఒకే సైజులో, మేలురకంగా తయారుచేసే పద్ధతి నేర్పింది. వీటినే క్వాంటం డాట్లు అంటారు. ముగ్గురికీ 2023లో రసాయనశాస్త్ర నోబెల్ దక్కింది.

కరీంనగర్ ఫిలిగ్రీ పనివాళ్లు వెండిని ఎంత సన్నటి తీగగా లాగినా అది వెండిలాగే మెరుస్తుంది. కొన్ని నానోమీటర్ల లోకంలో ఆ భరోసా ఉండదు. మన వెంట్రుక మందమే సుమారు 80 వేల నానోమీటర్లు. అంతకన్నా వేల రెట్లు చిన్న స్ఫటికంలో ఎలక్ట్రాన్‌కు కదిలే చోటు చాలదు. చోటు ఇరుకయ్యేకొద్దీ దాని శక్తి పెరుగుతుంది, విడుదలయ్యే కాంతి నీలం వైపు జరుగుతుంది. అందుకే ఒకే పదార్థంతో చేసినా కాడ్మియం సెలినైడ్ రేణువుల్లో చిన్నవి నీలంగా, పెద్దవి ఎర్రగా వెలుగుతాయి.

1998లో పాల్ అలివిసాటోస్, షుమింగ్ నీ బృందాలు వేర్వేరుగా ఈ రేణువులను జీవకణాలకు గుర్తులుగా వాడి చూపాయి. 2004లో షుమింగ్ నీ బృందం వాటికి ప్రోస్టేట్ క్యాన్సర్ కణాలను పట్టుకునే యాంటీబాడీ తగిలించి ఎలుకల్లోకి పంపింది. కణితి ఉన్న చోటు కెమెరాలో వెలిగింది.

వెలగడం ఒక్కటే చాలదు, వెలుగు ఒంట్లోంచి బయటికి రావాలి. చీకట్లో సెల్‌ఫోన్ టార్చి మీద వేళ్లు మూసి చూడండి. తెల్లటి వెలుగులో ఎరుపే ఇవతలికి వస్తుంది, మిగతా రంగులను రక్తం చాలావరకు మింగేస్తుంది. అందుకే శాస్త్రవేత్తలు ఎరుపుకు ఆవల, కంటికి కనిపించని 700 నుంచి 900 నానోమీటర్ల కాంతిని ఎంచుకుంటారు. అది కూడా కొద్ది లోతు నుంచే స్పష్టంగా వస్తుంది. కాబట్టి ఈ పద్ధతికి అసలైన చోటు ఆపరేషన్ బల్ల. లోతున దాగిన గడ్డను వెతకడానికి సీటీ, ఎంఆర్ఐ, పెట్ స్కాన్లు ఉండనే ఉన్నాయి.

తర్వాతి సమస్య చిరునామా. రేణువు కణితి దగ్గరికే ఎలా పోవాలి? ఇక్కడ మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గుర్తుకొస్తారు. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపించిన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. అండాశయ క్యాన్సర్ కణాల్లో చాలావాటి మీద ఈ విటమిన్‌ను పట్టుకునే గ్రాహకాలు మామూలు కణాలకన్నా ఎక్కువ. దీన్ని ఆసరా చేసుకుని శాస్త్రవేత్తలు అదే విటమిన్ మరో రూపమైన ఫోలేట్‌కు రంగు అణువు తగిలించారు. 2011లో నెదర్లాండ్స్ వైద్యులు పదిమంది స్త్రీల ఆపరేషన్లలో దాన్ని వాడిన ఫలితాలు ప్రకటించారు. ఆ దారిలోనే వచ్చిన పాఫోలాసియానిన్ అనే మందుకు 2021లో అమెరికా అనుమతి దొరికింది. ఇది నానోరేణువు కాదు, ఒట్టి అణువే. అయినా చిరునామా సరిగ్గా ఉంటే వెలుగు రోగికి పనికొస్తుందని రుజువు చేసింది. ప్రయోగశాలల్లో నానోరేణువులకూ అదే ఫోలేట్ తగిలిస్తున్నారు.

అన్నిటికన్నా కష్టమైనది పని ముగిశాక బయటికి పోవడం. కాడ్మియం విషం. రేణువు కాస్త పెద్దదైతే కాలేయంలో, ప్లీహంలో తిష్ఠ వేస్తుంది. సుమారు ఐదున్నర నానోమీటర్ల లోపు ఉంటేనే మూత్రపిండాలు సులువుగా వడగట్టి పంపేస్తాయని 2007లో క్వాంటం డాట్లతో చేసిన పరిశోధన తేల్చింది. కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఉల్రిక్ వీస్నర్ బృందం కాడ్మియం జోలికే పోలేదు. ఇసుకలో ఉండే సిలికాతోనే ఆరేడు నానోమీటర్ల గూడు కట్టి, లోపల రంగు అణువు పెట్టి, పైన ఒంటికి పడే పొర చుట్టింది. 2014లో ఐదుగురు మెలనోమా రోగులపై జరిపిన తొలి పరీక్ష ఫలితాలు వచ్చాయి. రేణువులను రోగులు బాగానే తట్టుకున్నారు, కొలత ఐదున్నరను కాస్త దాటినా అవి మూత్రంలో బయటికి పోయాయి.

మన హైదరాబాద్‌లోనూ ఈ పని సాగింది. ఐఐసీటీ అనే రసాయన పరిశోధన సంస్థలో చిత్తరంజన్ పాత్ర బృందం ఓలాక్స్ స్కాండెన్స్ అనే మొక్క ఆకుల రసాన్ని సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో కలిపి వెండి నానోరేణువులు తయారుచేసింది. అవి కణాల్లోకి చేరాక మైక్రోస్కోపు కింద ఎర్రగా వెలిగాయి. ఊపిరితిత్తుల, రొమ్ము క్యాన్సర్ కణాలను దెబ్బతీశాయి. మామూలు కణాలకు హాని చేయలేదు. 2014లో ప్రచురించిన ఈ ఫలితాలు ప్రయోగశాలలో పెంచిన కణాల మీద వచ్చినవి. గాజు పళ్లెంలోని కణానికీ మంచం మీది మనిషికీ మధ్య ఏళ్ల తరబడి పరీక్షలుంటాయి. ఆ పరీక్షలే రోగికి రక్ష. వాటిని తొందరపెట్టకూడదు.

అందుకే నానో పేరు చెప్పి ఎవరైనా మందో పరీక్షో అమ్మజూపితే మూడు ప్రశ్నలు అడగండి. అది కణితిని ఎలా గుర్తుపడుతుంది? మనుషుల మీద పరీక్షించారా? ఒంట్లోంచి ఎలా బయటికి పోతుంది? సూటిగా జవాబు రాకపోతే పైసా ఇవ్వకండి. రొమ్ములో గడ్డ చేతికి తగిలితే మాత్రం కొత్త యంత్రం వచ్చేదాకా ఆగకండి. ఆ వారంలోనే డాక్టర్‌కు చూపించండి. ఏ రేణువైనా దవాఖానకు వచ్చిన మనిషికే దారి చూపగలదు.