మాట విని చదరంగమాడిన యంత్రము

మధ్యాహ్నపు గంట మ్రోగిన పిదప వసారాలో చదరంగపు బల్లచుట్టు మూగు బాలురను చూడుడు. ఎదుటివాడు సగము మ్రింగి పలికిన మాటయైనను వారు పొరపడక గ్రహింతురు. “గుఱ్ఱ…” అనునంతలోనే అది యే గుఱ్ఱమో, యే గడికి దూకనున్నదో వారికి దెలియును. చెవి వినునది కొంత. బల్లను జూచి బుద్ధి పూరించుకొనునది కొంత. ఈ రెండవ దానిని కంప్యూటరుకు నేర్పబూనిన వారిలో ముఖ్యుడు మన తెలుగువాడే. ఆయన పేరు దబ్బల రాజగోపాలరెడ్డి. లోకము రాజ్ రెడ్డి యని పిలుచును.

ఆయన 1937 జూన్ 13వ తేదీన చిత్తూరు జిల్లా కాటూరు గ్రామమున నొక సేద్యగాని యింట జన్మించెను. ఆ కుటుంబమున కళాశాల మెట్లెక్కినవారిలో ఆయనయే మొదటివాడు. చెన్నపట్టణపు గిండీ ఇంజనీరింగు కళాశాలలో 1958లో సివిల్ ఇంజనీరింగు పట్టము పొందెను. వంతెనలు, కట్టడములు నిర్మించుటకై చదివిన ఈ చదువు ఆయనను ఆస్ట్రేలియాకు గొనిపోయెను. అచ్చట 1960లో ఎం.టెక్. ముగించి, ఐ.బి.యం. సంస్థలో కొంతకాలము పనిచేసి, పిమ్మట అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున జాన్ మెకార్తీ పండితునికి శిష్యుడై 1966లో డాక్టరు పట్టము గడించెను.

ఆ గురువునకు చదరంగముపై మక్కువ మెండు. అదే సంవత్సరమున మెకార్తీ వర్గమువారి యంత్రమునకును, మాస్కో యంత్రమునకును తంతివార్తల మూలమున పందెము సాగెను. నెలల తరబడి జరిగిన ఆ నాలుగాటలలో అమెరికావారి యంత్రము రెండిట నోడి, రెండిట సమానముగ నిలిచినది. అయితే ఆ యంత్రములకు ఎత్తులను మీటలు నొక్కియో, చిల్లుల కాగితముల మూలముననో తెలుపవలసియుండెను. మాట వాటికి తెలియదు.

1969లో రాజ్ రెడ్డి పిట్స్‌బర్గు నగరమందలి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమునకు చేరెను. అచ్చట ఆయనయు, సహచరులును నిర్మించి 1973లో పండితలోకమునకు వివరించిన కార్యక్రమము పేరు “హియర్సే”. ఒకరినుండి యొకరు విన్న మాట యని దాని యర్థము. పేరు పెట్టినవారికి హాస్యము లేకపోలేదు! ఆటగాడు తన యెత్తును నోటితో చెప్పును. యంత్రము విని, బల్లపై ఆ కాయను జరిపి, తన యెత్తు తాను వేయును. దానికి తెలిసినవి సుమారు ముప్పది మాటలు మాత్రమే. ముప్పదియేనా యని నవ్వవలదు. కంఠధ్వని గాలిలో నొక అల. యంత్రము దానిని క్షణమునకు వేలకొలది అంకెలుగా మార్చుకొనును. ఆ అంకెలలో ఒక మాట యెచ్చట ముగిసి వేరొకటి యెచ్చట మొదలైనదో గీత యేదియు నుండదు. ఇంగ్లీషున రాజునకు “కింగ్”, మన మంత్రికి “క్వీన్”. రెండును కకారముతో మొదలై ముక్కుతో ముగియును. ఒక్క చెవినే నమ్ముకొన్న యంత్రము పదేపదే తప్పక మానదు.

ఇక్కడనే రాజ్ రెడ్డి యుక్తి పనిచేసినది. యంత్రములో ముగ్గురు సహాయకులున్నట్లు భావింపుడు. ఒకడు ధ్వనిని పరీక్షించును. ఒకడు వాక్యములో ఏ మాట తరువాత ఏ మాట రాదగునో చూచును. మూడవవాడు చదరంగమెరిగినవాడు; బల్లను జూచి, ఇప్పుడు సాధ్యమైన ఎత్తులేవో, వానిలో మంచివేవో జాబితా వ్రాసి యిచ్చును. ఆట ఆరంభమున ఎనిమిది బంట్లకు రెండేసి, రెండు గుఱ్ఱములకు రెండేసి, వెరసి ఇరువది యెత్తులే కలవు. శకటు కదలనే కదలదు. కావున మొదటి యెత్తునందు శకటు కదలినట్లు ధ్వని తోచినను, యంత్రము దానిని త్రోసివేయును.

ఈ పద్ధతిలో నొక చిక్కును కలదు. కొత్తగా నేర్చుకొను బాలుడు నిజముగనే తప్పుడెత్తు చెప్పినచో? తాను ఎదురుచూచిన మాటయే విన్నానని యంత్రము భ్రమపడవచ్చును. పెద్దలమైన మనకును ఆ జబ్బు లేకపోలేదు గాన దానిని మిక్కిలి నిందింపజాలను.

తరువాతి యంత్రమగు రెండవ హియర్సేలో సహాయకులు పెక్కుమందియైరి. వారందరును తమకు తోచిన యూహను ఒక నల్లబల్లపై వ్రాయుదురు. ఒకడు వ్రాసినదానిని వేరొకడు దిద్దును, లేక బలపరచును. పండితులు దీనిని నల్లబల్ల పద్ధతి యనియే పిలిచిరి. 1976 నాటికి ఆ విశ్వవిద్యాలయపు యంత్రములు వేయి మాటలకు పైబడి గ్రహింపగలిగెను. 1997లో ప్రపంచవిజేత కాస్పరోవును ఓడించిన డీప్ బ్లూ యంత్రమునకు మూలమైన కృషియు అచ్చటి విద్యార్థుల చేతనే ఆరంభమైనది. అది వేరొక కథ.

రాజ్ రెడ్డికి 1994లో ఫైగెన్‌బామ్ పండితునితో కలిపి ట్యూరింగు బహుమానమును, 2001లో పద్మభూషణమును లభించినవి. ఆయనకు ఆటకంటె మాటపైననే ధ్యాస. మీటలు నొక్కనేరని, అక్షరములు రాని పల్లెవాసి తన నోటిమాటతో యంత్రముచే పని చేయించుకొనవలెనని ఆయన తలంపు. పేదదేశములకు కంప్యూటరును చేర్చుటకై 1980ల నాట పారిసు నగరమున చేసిన కృషికి ఫ్రాన్సు ప్రభుత్వము 1984లో గౌరవ బిరుదమిచ్చినది. 2008లో మన రాష్ట్రమున గ్రామీణ విద్యార్థులకొరకు నెలకొల్పబడిన సాంకేతిక విశ్వవిద్యాలయమునకును ఆయన మిక్కిలి పాటుపడెను. దాని శాఖలలో నొకటి ఏలూరికి పడమట నూజివీడులో నున్నది. పదవ తరగతి ముగియగనే అందు ప్రవేశము, చదువు ఆరేండ్లు.