ఓడ ఆగిన ఒక్క పూట

మా జఫర్‌గఢ్ నుండి ఏ దిక్కుగా బయలుదేరినా రెండు వందల కిలోమీటర్లకు ఇవతల సముద్రం కనిపించదు. కోట ఉన్నది, గుట్టమీద వేల్పుకొండ లక్ష్మీనరసింహస్వామి ఉన్నాడు, నాలుగు వానలు పడితే చెరువులు నిండుతాయి. మాకు తెలిసిన జలరాశి అంతే. అటువంటి ఊళ్ళలో కూడా ఈమధ్య “ఓడ ప్రయాణం” అనే మాట వినిపిస్తున్నది. పూర్వం ఓడ ఎక్కడమంటే బ్రతుకు తెరువుకు రంగూనో, చదువుకు సీమో వెళ్ళడం. ఇప్పుడు ఎక్కడికీ వెళ్ళే పని లేకుండా, ఎక్కినచోటనే దిగడానికి ఓడ ఎక్కుతున్నారు. కొడుకులు, కోడళ్ళు టిక్కెట్లు కొని తల్లిదండ్రుల చేతిలో పెడుతున్నారు. నాలుగు రోజుల విహారం, మధ్యలో ఏదో ఒక రేవులో ఒక పూట మజిలీ. చిక్కంతా ఆ మజిలీలోనే ఉన్నది.

ఓరుగల్లు సీమకు ఓడల సంగతి బొత్తిగా కొత్త అనుకోనక్కరలేదు. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో ఒక శాసనం వేయించాడు. అంతకు మునుపు గాలివానకు ఓడ దారితప్పి ఒడ్డుకు కొట్టుకువస్తే, అందులోని సరుకంతా ఆ తీరాన్ని ఏలే రాజులు స్వాధీనం చేసుకునేవారు. గణపతిదేవుడు ఆ పద్ధతి మాన్పించి, న్యాయమైన సుంకం తప్ప మరేమీ తీసుకోనని సముద్ర వర్తకులకు అభయం ఇచ్చాడు. ఈనాడు విహారానికి వచ్చి ఓడ దిగిన యాత్రికునికి మాత్రం ఏ రాజూ అభయం ఇవ్వలేదు. అతని సుంకం ఎంతో అతనే నిర్ణయించుకోవాలి.

ఓడ టిక్కెట్టులో గది, భోజనం, ఆటపాటలు చాలావరకు కలిసి ఉంటాయి. రేవులో దిగి ఊరు చూడడం మాత్రం అందులో చేరదు. ఓడవారే బస్సు పెట్టి, మనిషిని ఇచ్చి చూపిస్తారు, దానికి వేరే డబ్బు. నలుగురున్న సంసారానికి ఆ మొత్తం విన్నప్పుడు ఇంటి పెద్ద ముఖం కొంచెం వాడిపోతుంది. “మనమే దిగి చూసుకుందాం” అంటాడు. మంచి మాటే. కాని ఓడవారి బస్సుకు ఒక సుగుణం ఉన్నదని మరువరాదు. దారిలో ఆలస్యమైతే ఓడ తన బస్సు కోసం సాధారణంగా ఆగుతుంది. మీ ఆటో కోసం ఆగదు. మోకాళ్ళ నొప్పులతో మెట్లు ఎక్కలేని వారు, చంటిపిల్లల తల్లులు ఆ డబ్బు ఇవ్వడమే మేలని నా అభిప్రాయం. మిగిలినవారికి ఆ ఖర్చు అక్కరలేదు.

తెలుగువారికి దగ్గరి ఉదాహరణ విశాఖపట్నం. 2022 జూన్ నెలలో కార్డీలియా సంస్థవారి ‘ఎంప్రెస్’ ఓడ చెన్నైలో బయలుదేరి విశాఖకు వచ్చింది. మరుసటి ఏడు, 2023 సెప్టెంబరు 4న, విహార నౌకల కోసమే ప్రత్యేకంగా కట్టిన టెర్మినల్‌ను అక్కడ ప్రారంభించారు. దానికి 96 కోట్ల రూపాయలు ఖర్చయింది. రెండువేల మంది యాత్రికులు పట్టే కట్టడం. అది అవుటర్ హార్బరులో, డాల్ఫిన్స్ నోస్ కొండ ఎదుట ఉన్నది. ఓడలు ప్రతి వారం రావు, వచ్చే కాలం కూడా ఏటేటా మారుతుంటుంది. కాబట్టి తేదీలు టిక్కెట్టు కొనేటప్పుడే తేల్చుకోవాలి.

ఇక అసలు లెక్కకు వద్దాము. రేవు మజిలీలో మన దగ్గర తక్కువగా ఉండేది డబ్బు కాదు, పొద్దు. పొద్దును సరిగా పంచుకుంటే డబ్బు దానంతటదే మిగులుతుంది. ఈ లెక్కను ఉదయం నుంచి సాయంత్రానికి కాక, సాయంత్రం నుంచి ఉదయానికి వెనక్కి వేయాలి. ఓడ ఏడింటికి కదులుతుందంటే, ఏడింటికి రమ్మని కాదు. అందరూ ఎక్కి ఉండవలసిన వేళ ఆరు అనుకోండి. ఐదింటికి రేవు గేటు దగ్గర ఉండాలి. అంటే నాలుగున్నరకు, మీరు ఎక్కడ ఉన్నా, ఏమి చూస్తున్నా, తిరుగుముఖం పట్టాలి. ఉదయం తనిఖీలు ముగించుకొని బయట పడేసరికి తొమ్మిది. మిగిలింది ఏడున్నర గంటలు. అందులో దూరపు చోటు ఒక్కటే చూడగలరు. అది ముందుగా చూడాలి. తక్కిన పొద్దంతా రేవుకు దగ్గరగా గడపాలి. దగ్గరివి ముందు చూసి, మధ్యాహ్నం దూరానికి బయలుదేరినవారే ఓడ తప్పిపోతారు.

మా పెద్దనాయన, పెద్దమ్మ ఒక విహారంలో ఇదే లెక్కతో విశాఖలో దిగారు. పెద్దనాయన జాబితాలో మొదటిది సబ్‌మెరీన్. పెద్దమ్మ జాబితాలో ఉన్నది ఒక్కటే, సింహాచలం. ఊళ్ళో గుట్టమీద నరసింహస్వామికి మొక్కుకునే మనిషి, అంత దూరం పోయి అప్పన్నను చూడకుండా ఓడ ఎక్కుతుందా? సింహాచలం ఊరినుంచి ఇరవై కిలోమీటర్లకు లోపే. సిటీ బస్సులో కొండ కిందికి, అక్కడినుంచి మరో బస్సులో పైకి. ట్రాఫిక్కుతో కలిపి గంటంపావు తీసిపెట్టుకున్నారు. పదింపావుకు పైన ఉన్నారు.

ఉచిత దర్శనం వరుసలో నిలుచున్నారు. గంట గడిచింది. తరువాత స్వామికి నివేదన వేళ అయిందని వరుస ఆగిపోయింది. పన్నెండు దాటింది. పెద్దనాయన గడియారం చూసుకోవడం మొదలుపెట్టాడు. ఒంటిగంటకు కొండ దిగితేనే సముద్రపొడ్డుకు పోయి సబ్‌మెరీన్ చూసే వీలు. ఆ మాట అన్నాడు.

“సబ్‌మెరీన్ ఏడికి పోతది? ఒడ్డుకు గట్టిగ నిలబెట్టిండ్రు గద. ఇంత దూరమొచ్చి వాకిట్లకెల్లి మళ్ళిపోదామా? అది జెప్పుండ్రి,” అన్నది పెద్దమ్మ.

పెద్దనాయన కాసేపు మాట్లాడలేదు. కాగితం తీసి సబ్‌మెరీన్ మీద గీత కొట్టాడు. “సరే, రెండింటి దాక ఉందాం. రెండుగొట్టినంక ఒక్క నిమిషం గూడ ఆగేది లేదు, స్వామి ఎదురుగ ఉన్నా సరే,” అన్నాడు.

ఒంటిగంటన్నరకు దర్శనమైంది. సింహాచలంలో స్వామి ఏడాది పొడుగునా చందనపు పూత వెనకనే ఉంటాడు. నిజరూపం అక్షయ తృతీయ నాడు మాత్రమే. పెద్దమ్మ బయటికి వచ్చి కళ్ళు తుడుచుకొని, మన గుట్టమీద స్వామికి ఇంత చందనం ఎన్నడు పూసేను అన్నదట. గోడలమీది శాసనాలు చూడడానికి పెద్దనాయనకు పది నిమిషాలు దొరికాయి. పదకొండవ శతాబ్దం చివరి కులోత్తుంగ చోళుని కాలంనుంచి ఇక్కడ శాసనాలున్నాయి. శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్రలో 1516లో వచ్చి స్వామిని సేవించాడు. ఆయనకు మాత్రం తిరుగు ఓడ తొందర లేదు.

మూడింటికి తిరిగి పాతపట్నం చేరారు. విశాఖకు వచ్చే యాత్రికులు చాలామంది ఈ పాతపట్నాన్ని వదిలిపెట్టి నేరుగా బీచి రోడ్డుకు పరుగెత్తుతారు. రేవులో దిగినవానికి ఇంతకంటె అనువైన చోటు లేదు. బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారు ఆరుబయట ఉంటుంది, గుడికి పైకప్పు లేదు. ఎండా వానా అమ్మవారికీ మనకూ ఒకటే. గురువారాల్లో, అందులోనూ మార్గశిర మాసంలో, అక్కడ కాలు పెట్టడానికి సందుండదు. మీ ఓడ ఆ రోజున ఆగిందంటే దూరంనుంచి దండం పెట్టుకోవడమే మంచిది. అక్కడికి దగ్గరలోనే కురుపాం మార్కెట్టు, బంగారు దుకాణాలు, ఇరుకు వీధులు, పాత మేడలు. చూసినందుకు ఎవరూ డబ్బు అడగరు.

అక్కడినుంచి రేవు కాలువ అంచున మూడు కొండలున్నాయి. ఒకదానిమీద మేరీమాత చర్చి, ఒకదానిమీద ఇసాక్ మదీనా ఔలియా దర్గా, మరొకదానిమీద వేంకటేశ్వరస్వామి గుడి. చర్చి ఉన్న కొండను రాస్ హిల్ అంటారు. 1864లో రాస్ అనే దొర అక్కడ ఇల్లు కట్టుకున్నందున ఆ పేరు వచ్చింది. మూడింటిలో ఏది ఎక్కినా కాళ్ళ కింద రేవు ముఖద్వారం కనిపిస్తుంది. ఈ రేవు పుట్టుక కూడా వినదగ్గదే. పూర్వం పెద్ద ఓడలు దూరాన నడిసముద్రంలో లంగరు వేసుకుంటే, పడవలలో సరుకు ఒడ్డుకు తెచ్చేవారు. లోపల ఉన్న బురదనేలను తవ్వి, డాల్ఫిన్స్ నోస్ పక్కగా కాలువ తీసి లోపలి రేవును కట్టారు. అలల తాకిడి ఆపడానికి రెండు పాత ఓడలను తీసుకువచ్చి, రాళ్ళు నింపి, ముంచివేశారు. 1933 అక్టోబరు 7న సింధియా కంపెనీవారి ‘జలదుర్గ’ మొదటి ఓడగా లోపలికి వచ్చింది. ఆ డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ రేవును ప్రారంభించాడు. ఈ సంగతి తెలిసి కొండమీద నిలబడి చూస్తే, కింద మెల్లగా కదిలే ఓడ వేరుగా కనిపిస్తుంది.

దైవదర్శనం మీద అంత పట్టుదల లేనివారు, పిల్లలున్నవారు, సింహాచలం బదులు రామకృష్ణా బీచికి పోవచ్చు. ఐ.ఎన్.ఎస్. కురుసుర సబ్‌మెరీన్ సోవియట్ దేశంలో తయారై 1969 డిసెంబరులో మన నౌకాదళంలో చేరింది, 1971 యుద్ధంలో పనిచేసింది, 2001లో విశ్రాంతి పుచ్చుకుంది. 2002 ఆగస్టు నుంచి ఇసుకమీద ప్రదర్శనశాలగా ఉన్నది. తొంభైయొక్క మీటర్ల పొడుగు. లోపల తల వంచుకొని నడుస్తూ, అంతమంది ఆ ఇరుకులో నెలల తరబడి ఎలా బ్రతికారో అనిపిస్తుంది. మన ఓడ గదిని గురించి చెప్పుకునే ఫిర్యాదులన్నీ అక్కడ మాయమైపోతాయి. రోడ్డుకు అవతల టి.యు.142 విమానం ఉన్నది, 2017 డిసెంబరులో ప్రదర్శనకు వచ్చింది. ఒక్క హెచ్చరిక. సబ్‌మెరీన్ సోమవారం తెరవరు, మిగిలిన రోజుల్లో కూడా పొద్దున్నే తెరిచి ఉంటుందని నమ్మి పోవద్దు. వేళలు ముందుగా విచారించుకోండి.

అరకు పేరు ఎవరు ఎత్తినా చెవిని పెట్టకండి. అది నూటపది కిలోమీటర్ల పైమాట, ఘాటు రోడ్డు. రెండు రోజులు చేతిలో ఉన్నప్పటి సంగతి. భీమిలి ఇరవైనాలుగు కిలోమీటర్లు, డచ్చివారి సమాధులున్న అందమైన ఊరే, అయితే అక్కడికి పోతే సింహాచలం లేదు. రెంటినీ ఒకే పూటలో చూపిస్తానన్న టాక్సీవానికి నమస్కారం చెప్పి ముందుకు నడవండి.

రేవు ఆవరణలో ఇష్టం వచ్చినట్టు నడవనివ్వరు. వారు పెట్టిన బండిలో గేటుదాకా పోయి, గేటు దగ్గర నిలిచిన ఆటోను కాక, నాలుగడుగులు వేసి రోడ్డుమీద పోయే ఆటోను పిలవండి. సెల్ ఫోనులో ఆటో పిలుచుకునే వారికి ఈ బేరాల బాధ లేదు. మా వైపు ఆడవారు ఒక మాట గుర్తుంచుకోవాలి. 2023 డిసెంబరు నుంచి తెలంగాణ బస్సులో టిక్కెట్టుకు డబ్బు ఇవ్వకుండా తిరగడం అలవాటైపోయింది. ఆంధ్రలో కూడా 2025 ఆగస్టు 15న అటువంటి పథకమే మొదలైంది, కాని అది ఆ రాష్ట్రంలో నివాసమున్న స్త్రీలకు. జఫర్‌గఢ్ ఆధారు కార్డు చూపితే విశాఖ కండక్టరు నవ్వి టిక్కెట్టు కొడతాడు. చిల్లర దగ్గర ఉంచుకోండి.

భోజనం డబ్బు ఓడలో ముందే కట్టారు గనుక ఉదయం ఫలహారం గట్టిగా చేసి దిగాలి. మధ్యాహ్నానికి కొండమీద పులిహోర ప్రసాదం చాలు. రుతువు కలిసివస్తే కొండ కింద అనాసపండ్లు, సంపెంగలు దొరుకుతాయి. ఏటికొప్పాక లక్కబొమ్మ ఒకటి కొంటే ఇంటిదగ్గర మనవలకు సమాధానం చెప్పుకోవచ్చు.

ఓడ ఇచ్చిన కార్డు, ఆధారు, మందులు, ఫోను ఛార్జి పెట్టుకునే తీగ చేతిసంచిలో ఉండాలి, గదిలో కాదు. ఎందుకంటే ఒకవేళ ఓడ వెళ్ళిపోతే తరువాతి రేవుకు మన ఖర్చుతో మనమే పోవాలి. విశాఖ నుంచి చెన్నైకి రైలులో సుమారు 780 కిలోమీటర్లు, ఒక రాత్రి ప్రయాణం. అప్పటికప్పుడు బెర్తు దొరకడం కష్టం. ఓడవారి ఏజెంటు ఫోను నంబరు కాగితంమీద రాసుకోండి. ఫోను ఆరిపోయినప్పుడు ఫోనులోని నంబరు అక్కరకు రాదు.

మా పెద్దవాళ్ళు నాలుగుంబావుకే గేటు దగ్గరికి వచ్చేశారు. ఇద్దరికీ కలిపి బస్సులు, ఆటోలు, ప్రసాదం, లక్కబొమ్మ అన్నీ చేరి ఎనిమిది వందలు దాటలేదు. ఓడ కదిలేటప్పుడు పైతట్టున నిలబడితే డాల్ఫిన్స్ నోస్, దీపస్తంభం, అటు బీచి రోడ్డు అంతా వరుసగా కనిపించిందట. సబ్‌మెరీన్ ఎక్కడుందో పెద్దనాయన ఆ చీకట్లో కూడా వెతుకుతూనే ఉన్నాడని పెద్దమ్మ చెప్పింది.