ఇరవయ్యో నంబరు వీసా మీద వెళ్ళిన అమ్మ

గోదావరి జిల్లాల్లో ఒక తల్లి ఆడపిల్లల్ని వదిలేసి వెళ్ళిపోయిందని తెలిస్తే వినేవాళ్ళు మొదట అడిగేది ‘ఎవరితో?’ అని. రెండో ప్రశ్న ‘కువైటా, దుబాయా?’. చాలా ఇళ్ళలో కథ ఆ రెండో ప్రశ్న దగ్గరే మొదలవుతుంది. తాడేపల్లిగూడెం నుంచి కిందికి పాలకొల్లు, నరసాపురం, అక్కణ్ణుంచి గోదావరి దాటి కోనసీమ దాకా, ఇటు ఏలూరు మీదుగా కొల్లేరు లంకల వైపు ఇళ్ళ పనికి గల్ఫ్ వెళ్ళిన ఆడవాళ్ళున్న పేటలు ఎన్నో. రాష్ట్రంలో కడప వైపు తర్వాత ఈ పనికి పేరుపడ్డ ప్రాంతం ఇదే.

వెళ్ళింది తండ్రయితే ఊరు ‘కువైట్‌లో ఉంటున్నాడు’ అంటుంది. అదే విమానంలో తల్లి వెళితే, రెండేళ్ళకు రావలసిన మనిషి నాలుగేళ్ళకూ రాకపోతే, మాట మారిపోతుంది: ‘పిల్లల్ని వదిలేసెళ్ళిపోయిందండి’. ఇద్దరూ వెళ్ళిందీ ఒకే కారణానికి, పంపిందీ ఒకే రకం డబ్బు. క్రియాపదమే వేరు. పెద్దయ్యాక తల్లిని కలుసుకునే అక్కచెల్లెళ్ళు ముందుగా తేల్చుకోవలసింది ఈ క్రియాపదం సంగతే.

వెళ్ళడానికి కారణాలు వెతకనక్కర్లేదు. డెల్టాలో నాట్లు, కలుపు, కోతలు ఆడవాళ్ళ కూలి. వరిచేలు చేపల చెరువులుగా, రొయ్యల చెరువులుగా మారేకొద్దీ ఆ కూలి తగ్గింది. చెరువు మీద కాపలా, మేత, వలపట్టు మగవాళ్ళ పనులు. ఆడవాళ్ళకు మిగిలింది ఎక్కువగా రొయ్యల తలలు తీసే షెడ్లు. వరి మిగిలిన చోటికి కోత యంత్రం వచ్చింది. కొల్లేరులో ఐదో కాంటూరు లోపల 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించి, 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట చెరువు గట్లు కొట్టేసినప్పుడు ఆ చెరువుల మీద బతికే ఇళ్ళకు అప్పులు అప్పులుగానే ఉండిపోయాయి. దీనికి భర్త తాగుడు, ఇంకో ఇల్లు, లేదా అకాల మరణం తోడైతే పాస్‌పోర్టు ప్రయత్నం మొదలవుతుంది. ఏజెంటుకు చెప్పే కారణం మాత్రం తరచూ ఒకటే: ‘ఇద్దరాడపిల్లలండి, కట్నాలివ్వాలి కదా.’ ఎవరిని వదిలి వెళ్ళిందంటారో, ఆమె వెళ్ళింది వాళ్ళ పేరు చెప్పే.

రెండేళ్ళు పదిహేనేళ్ళయ్యే తీరు

కువైట్‌లో ఇంటిపనివాళ్ళకిచ్చే నివాస అనుమతిని మనవాళ్ళు ఇరవయ్యో నంబరు వీసా అంటారు. కంపెనీ పనివాళ్ళది పద్దెనిమిదో నంబరు. ఈ రెండంకెల తేడా మీద జీవితాలు నడుస్తాయి. పద్దెనిమిదో నంబరు మనిషి కార్మిక చట్టం కిందికొస్తాడు. ఇరవయ్యో నంబరు మనిషి ఒక ఇంటికి, ఆ ఇంటి కఫీలుకు, అంటే పూచీ ఉన్న యజమానికి, కట్టుబడి ఉంటుంది. ఆ ఇంటి మగమనిషి ‘బాబా’, ఆడమనిషి ‘మామా’, తను ‘ఖద్దామా’, అంటే పనిమనిషి. అకామా, అంటే నివాస అనుమతి, కఫీలు పేరు మీద ఉంటుంది. పాస్‌పోర్టు అతని బీరువాలో ఉండడం చట్టం ఒప్పుకోకపోయినా వాడుక.

ఇంటిపనివాళ్ళకంటూ కువైట్‌లో ప్రత్యేక చట్టం వచ్చింది 2015లో. రోజుకు పన్నెండు గంటలకు మించని పని, వారానికో సెలవు, ఏడాదికి జీతంతో 30 రోజుల సెలవు అందులో ఉన్నాయి. మరుసటి ఏడాది కనీస జీతం 60 దీనార్లుగా నిర్ణయించారు. ఇప్పుడు నలభైల్లో ఉన్న కూతుళ్ళ తల్లులు వెళ్ళిన కాలానికి ఇవేవీ లేవు.

ఇండియా వైపు ఏర్పాట్లూ ఉన్నాయి. పదో తరగతి లేని ఆడవాళ్ళు ఇంటిపనికి వెళ్ళాలంటే 30 ఏళ్ళు నిండాలని నిబంధన. దానివల్ల వెళ్ళేవాళ్ళు తగ్గారో లేదో గాని, ఏజెంట్ల చేతుల్లో వయసులు పెరిగాయి. ఇరవై నాలుగేళ్ళ మనిషి పాస్‌పోర్టులో ముప్పై ఒకటయ్యేది. ఒక్కోసారి ఇంటిపేరూ మారేది. కఫీలు 720 దీనార్ల బ్యాంకు గ్యారంటీ ఇవ్వాలని ఇండియా కొన్నాళ్ళు పట్టుబట్టింది. కువైట్ అభ్యంతరం చెప్పింది, 2017లో అది పోయింది. పంపే పని ప్రభుత్వ సంస్థల ద్వారానే జరగాలన్నప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఆ పని ఓంక్యాప్ అనే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ వంతుకు వచ్చింది. శ్రీలంక ఇంకో దారి తొక్కింది. ఐదేళ్ళలోపు పిల్లలున్న తల్లులు ఇంటిపనికి వెళ్ళకూడదని 2013లో ఆంక్ష పెట్టి, ఆర్థిక సంక్షోభంలో డాలర్లు కావలసొచ్చి 2022లో ఆ వయసును రెండేళ్ళకు దించింది. పిల్లల వయసు కూడా విదేశీ మారకం లెక్కలో పడిందన్నమాట.

రెండేళ్ళ ఒప్పందం పదిహేనేళ్ళవడానికి ఎవరూ నిర్ణయం తీసుకోనక్కర్లేదు. జీతం సరిగా ఇవ్వని ఇంట్లోంచో, చెయ్యి చేసుకునే ఇంట్లోంచో ఒక రాత్రి బయటపడితే కఫీలు పరారీ కేసు పెడతాడు. దాంతో అకామా చెల్లదు. 2018 నాటి లెక్కలో అకామా లేకుండా ఉన్న రోజుకు 2 దీనార్ల జరిమానా, గరిష్ఠంగా 600. జరిమానా కడితే తప్ప దేశం దాటనివ్వరు, కట్టాలంటే దొంగచాటుగా ఇంకో రెండేళ్ళు పనిచేయాలి. గల్ఫ్ తెలుగులో ఇలాంటి మనిషికి ‘ఖల్లివల్లి’ అని పేరు. 2018లోనూ, కరోనా మొదలైన 2020 ఏప్రిల్‌లోనూ, మళ్ళీ 2024లోనూ కువైట్ క్షమాభిక్ష ప్రకటించింది. ఏళ్ళ తరబడి కనబడని తల్లులు ఉన్నట్టుండి ఊళ్ళో దిగడానికి ఇలాంటి ప్రకటనలు ఒక కారణం. ఊళ్ళోవాళ్ళు దాన్ని బుద్ధి రావడం అనుకుంటారు.

అలాగని ప్రతి తల్లీ చిక్కుకుపోయిందనీ కాదు. అక్కడ ఇంకో మనిషితో కాపురం పెట్టినవాళ్ళున్నారు. తిరిగొస్తే ఉండే ఇల్లు తలచుకుని రానివాళ్ళున్నారు. ఆ సంగతిని కూతుళ్ళ దగ్గర దాచడం కంటే చెప్పడమే మేలు. దాచినా కువైట్ సిటీలోని మాలియాలో శుక్రవారం కలిసిన ఊరివాళ్ళెవరో ఎలాగూ మోసుకొస్తారు.

అక్క ఒకలా, చెల్లి ఒకలా

ఒకే తల్లి వెళ్ళిపోవడం ఇద్దరు అక్కచెల్లెళ్ళకు ఒకే సంగతి కాదు. ఎనిమిదేళ్ళ పిల్లకు అమ్మ గుర్తుంటుంది. ఒంటికి రాసిన కొబ్బరినూనె వాసన, రిక్షాలో తాడేపల్లిగూడెం స్టేషనుకు వెళ్ళిన రోజు, కొనిచ్చిన జామకాయ దాకా గుర్తుంటాయి. రెండేళ్ళ పిల్లకు ఏమీ ఉండదు. ఆ పిల్లకు అమ్మమ్మే ‘అమ్మ’. అసలు తల్లికి ‘కువైటమ్మ’ లాంటి పేరొకటి వస్తుంది, లేదా పిన్నులు పిలిచినట్టే ‘అక్క’ అంటుంది. చెల్లికి జడ వేసి, బడికి పంపి, పెద్దమనిషైనప్పుడు దగ్గర కూర్చున్నది అక్క. అందుకే తిరిగొచ్చిన తల్లి మీద ఎక్కువ కోపం తరచు అక్కదే. చెల్లికి తల్లి కొత్త మనిషి. కొత్త మనిషి మీద కోపం రాదు, మొహమాటం వస్తుంది.

మధ్యలో సంబంధం నడిచే సాధనాలు తరంతో మారాయి. మొదట క్యాసెట్టు. అక్కడి నుంచి సెలవుకొచ్చే మనిషితో గంట నిడివి టేపు వచ్చేది. ఇల్లంతా టేపురికార్డరు చుట్టూ కూర్చునేది. మొదటి వైపు ఏడుపు, రెండోవైపు డబ్బు లెక్కలు. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌లోకి చొరబడినప్పుడు ఆ గొంతులు కూడా ఆగిపోయాయి. అమ్మాన్ మీదుగా దాదాపు లక్షా డెబ్బై వేలమంది భారతీయుల్ని విమానాల్లో తెచ్చారు, అందులో తెలుగువాళ్ళూ ఉన్నారు. తర్వాత ఎస్టీడీ బూత్, ఆ తర్వాత ‘ఇమో’ వీడియో కాల్. ఇమో వచ్చాక పెరిగిన పిల్లలకు తల్లి ముఖం పరాయిది కాదు, స్పర్శ పరాయిది.

డబ్బు ఇంకో కథ. అది అనధికార ఉండీలోనో, వెస్టర్న్ యూనియన్‌లోనో వస్తుంది. మేనమామ పేరునో, తండ్రి పేరునో వస్తుంది. పిల్లలకు కనిపించేది స్లాబు వేసిన ఇల్లు, చెవి దిద్దులు, ఒకోసారి అదీ లేదు. తండ్రి ఆ డబ్బు తాగేసి ‘మీ అమ్మ ఒక్క రూపాయి పంపలేదు’ అన్న ఇళ్ళలో, తల్లి చేతిలో దాచిన రసీదుల కట్ట ఉంటే కలయిక నడక ఒకలా ఉంటుంది. రసీదులు లేకపోతే ఇంకోలా. ఇరవై ఏళ్ళ తర్వాత ఒక తల్లి తన మాతృత్వాన్ని పసుపురంగు కాగితాలతో రుజువు చేసుకోవలసి రావడం చూసేవాళ్ళకు ఇబ్బందిగానే ఉంటుంది. అయినా కూతుళ్ళు ఆ కాగితాల్ని చదువుతారు, తేదీలతో సహా.

పెళ్ళిళ్ళ సంగతి మరీ సున్నితం. తల్లి డబ్బుతో జరిగిన పెళ్ళిలో పీటల మీద పిన్నీ బాబాయీ కూర్చుంటారు. ఆల్బమ్‌లో తల్లి ఉండదు. తర్వాత ఎప్పుడో ఫొటోగ్రాఫరు దగ్గర పాస్‌పోర్టు సైజు బొమ్మను పెళ్ళి ఫొటోలో కలిపించిన ఇళ్ళున్నాయి. చుట్టూ అందరూ పట్టుచీరల్లో, ఆమె ఒక్కతే తెల్లటి వెనకతెర ముందు చూసినట్టు సూటిగా చూస్తూ.

తిరిగొచ్చే రోజు బయటికి బాగానే గడుస్తుంది. శంషాబాద్‌లో దిగి, గోదావరి ఎక్స్‌ప్రెస్ పట్టుకుని అర్ధరాత్రి వేళ గూడెం ప్లాట్‌ఫారం మీద దిగుతుంది. నైలాను తాడు చుట్టి, మార్కరుతో పేరు రాసిన అట్టపెట్టెలు. వాటిలో కంబళ్ళు, నిడో పాలడబ్బాలు, టాంగ్, యాక్స్ ఆయిల్ సీసాలు. మనవలు పెట్టెల చుట్టూ చేరతారు, కూతుళ్ళు దూరంగా నిలబడతారు.

అసలు కలయిక తర్వాతి వారాల్లో, వంటింట్లో జరుగుతుంది. ఆమె తెల్లవారుజామున నాలుగింటికే లేస్తుంది. ఎవరూ చెప్పకుండానే గచ్చు కడిగేస్తుంది. అందరూ తిన్నాక గాని కంచం ముందు పెట్టుకోదు, పెట్టుకున్నా కుర్చీలో కూర్చోదు. ఫ్రిజ్ తలుపు తీసే ముందు కూతురి వైపు చూస్తుంది. మంచం వేసినా వంటింటి గుమ్మం పక్కన చాప పరుచుకుంటుంది. తొందరలో ‘యల్లా’ అంటుంది, పనయ్యాక ‘ఖలాస్’ అంటుంది. తన ఇంట్లో తల్లి పనిమనిషిలా మసలడం చూసిన కూతురికి, ఏ ఉత్తరమూ ఏ క్యాసెట్టూ చెప్పని పదిహేనేళ్ళు కళ్ళముందు కనిపిస్తాయి. ‘నువ్వు కూచోమ్మా’ అన్న మాట కొన్ని ఇళ్ళలో అప్పుడే మొదటిసారి వస్తుంది. కొన్ని ఇళ్ళలో రాదు. గచ్చు కడిగించుకోవడం అలవాటైపోతుంది.

కాగితాల మీద విడిచిన తల్లులు

విమానం ఎక్కకుండానే పిల్లల్ని పోగొట్టుకున్న తల్లులు వేరే ఉన్నారు. 1999లోనూ, 2001లోనూ హైదరాబాద్‌లో బయటపడ్డ దత్తత వ్యవహారాల్లో, నల్గొండ జిల్లా దేవరకొండ వైపు లంబాడా తండాల నుంచి ఆడశిశువుల్ని కొద్ది వేల రూపాయలకు కొని విదేశీ దత్తతలకు పంపుతున్నట్టు తేలింది. తల్లి ‘స్వచ్ఛందంగా వదులుకుంది’ అన్న కాగితం మీద వేలిముద్ర ఉండేది. విదేశీ దత్తతలకు సుప్రీంకోర్టు 1984లోనే లక్ష్మీకాంత్ పాండే కేసులో నియమాలు పెట్టింది. వేలిముద్ర ఆ నియమాల్ని సునాయాసంగా దాటింది. గీతా రామస్వామి, భంగ్యా భూక్యా వంటివారు తండాల్లో తిరిగి చేసిన అధ్యయనం ఆ వదులుకోవడం వెనక ఉన్న కరువును, కట్నాన్ని, దళారిని బయటపెట్టింది. ఆనాటి శిశువులకు ఇప్పుడు పాతికేళ్ళు.

ఇప్పటి చట్టం, అంటే 2015 నాటి బాలల న్యాయ చట్టం, తల్లి బిడ్డను అప్పగించాలంటే బాలల సంక్షేమ కమిటీ ముందు పత్రం రాయాలంటుంది. మనసు మార్చుకోవడానికి రెండు నెలలు ఇస్తుంది. బిడ్డను వదిలేయడం నేరమే. భారతీయ న్యాయ సంహిత 93వ సెక్షన్ కింద ఏడేళ్ళ దాకా జైలు. కాని తమ చేతిలో లేని పరిస్థితుల్లో వదిలిన కన్నవాళ్ళది కావాలని చేసిన పనిగా చూడకూడదని బాలల న్యాయ చట్టమే 75వ సెక్షన్‌లో అంటోంది. ఊరు పెట్టని తేడా చట్టం పెట్టింది.

దత్తత వెళ్ళిన పిల్లకు పద్దెనిమిదేళ్ళు నిండితే కేంద్ర దత్తత సంస్థ ‘కారా’ను తన మూలాల గురించి స్వయంగా అడగవచ్చు. ఇంకొకరు ఆమె తరఫున వెతకడానికి నిబంధనలు ఒప్పుకోవు. అప్పగించేటప్పుడు తల్లి తన పేరు చెప్పవద్దని రాసి ఉంటే, ఆమె ఒప్పుకుంటేనే వివరాలిస్తారు. ఇక్కడ తలుపు తల్లి చేతిలో ఉంది.

చట్టం అడగని ప్రశ్న

కువైట్ నుంచి వచ్చిన తల్లికి, ఇక్కడి కూతుళ్ళకు మధ్య తలుపు ఇంకోలా తెరుచుకుంటుంది. విజయా మనోహర్ అర్బత్ కేసులో సుప్రీంకోర్టు 1987లోనే పెళ్ళైన కూతురిపైనా కన్నవాళ్ళ పోషణ బాధ్యత ఉందని చెప్పింది. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం కింద, తనను తాను పోషించుకోలేని తల్లి అరవై నిండకపోయినా ట్రిబ్యునల్‌కు వెళ్ళవచ్చు. నెలకు పదివేల దాకా ఇప్పించవచ్చు. నువ్వు వీళ్ళను పెంచావా అన్న ప్రశ్న ఆ చట్టంలో ఎక్కడా లేదు. తీర్పు రాసేవాళ్ళు అడగకపోయినా, వాకిట్లో అక్క అడుగుతుంది.

నిజానికి కోర్టు దాకా పోయేవి తక్కువ. ముందొచ్చేది కాగితాల పేచీ. ఏజెంటు రాయించిన పాస్‌పోర్టులో ఒక పేరు, ఒక వయసు. పిల్లల పదో తరగతి మార్కుల జాబితాలో తల్లి పేరు ఇంకోటి. ఆధార్ ఉన్నా అందులో చిరునామా ఎప్పుడో వదిలేసిన భర్త ఇంటిది. పింఛనుకు అర్జీ పెట్టాలన్నా, బ్యాంకు ఖాతా సరిచేయాలన్నా అది మార్చాలి. ఆమె పేరున కరెంటు బిల్లు లేదు, అద్దె కాగితం లేదు. ఇలాంటివాళ్ళ కోసం ఆధార్ సంస్థ 2023లో ఒక పద్ధతి పెట్టింది. ఇంటిపెద్ద చిరునామాను తన చిరునామాగా మార్చుకోవచ్చు. బంధుత్వానికి రుజువు లేకపోతే ఇంటిపెద్ద సొంత ప్రకటన చాలు. ఇక్కడ ఇంటిపెద్ద కూతురు. తల్లి అర్జీ పెట్టాక కూతురి ఫోనుకు సందేశం వస్తుంది. ఒప్పుకోవడానికైనా, కాదనడానికైనా 30 రోజుల గడువు ఉంటుంది.