గోలకొండ గుమ్మటముల నడుమ

హైదరాబాదునకు వచ్చి చార్మినారును చూచి మరలిపోవువారు ఆ నగరమును నిర్మించిన మహమ్మదు కులీ కుతుబ్ షా ఎచ్చట శయనించియున్నాడో సాధారణముగా విచారింపరు. గోలకొండ కోటకు అనతిదూరమున, తోటల నడుమ, కుతుబ్ షాహీల సమాధులు గుమ్మటములెత్తి నిలిచియున్నవి. వానిలో మిక్కిలి ఘనమైనది ఆతనిదే. లోపలి శిలావేదిక చిహ్నమాత్రము. అసలు గోరీ క్రింది నేలమాళిగలో నున్నది.

అయినను తెలుగువాడు, గైడు ఎంత తొందరపెట్టినను, నింపాదిగా నిలువవలసినది ఇబ్రహీము సమాధి కడ. రాజ్యమునకు రాకముందు ఏడేండ్లు విజయనగరమున అళియ రామరాయల యాశ్రయమున గడిపి, 1550లో సింహాసనమెక్కి, అద్దంకి గంగాధరకవిచే తపతీసంవరణోపాఖ్యానమును అంకితముగొన్న మల్కిభరాముడు ఇతడే; 1565లో ఆ రామరాయలపైననే దండెత్తిన సుల్తానుల కూటమిలో చేరినవాడును ఇతడే. ఈ రెండింటిని పొసగించుట నాకు నేటికిని సాధ్యము కాలేదు. దక్షిణపు గోడకు రంగు పింగాణి పలకల తునుకలు కొన్ని యింకను అంటుకొనియున్నవి. ఒకప్పుడు కట్టడమెల్ల ఎట్లు మెరసెనో వానిని బట్టి యూహించుకొనవలసినదే.

ఈ తోటకు ఆనుకొనియే మృతదేహములకు అంత్యస్నానము చేయించిన స్నానశాల గలదు. వంశమున కడపటివాడగు తానాషాకు మాత్రము ఇచ్చట తావు దొరకలేదు. 1687లో ఔరంగజేబునకు చిక్కి, దౌలతాబాదు చెరలోనే కన్నుమూసెను.